సస్పెన్స్ ఖాతా తేలేదెప్పుడు?

బ్యాంకులో పనిచేసే మాబోటివాళ్లకు 'సస్పెన్స్' అనే మాట వినగానే దెయ్యాల కొంపా, కత్తి పట్టుకున్న నీడా గుర్తుకు రావు. ఒక ఖాతా గుర్తుకొస్తుంది. ఎవరిదో, ఎందుకు వచ్చిందో వెంటనే తేలని పద్దును తాత్కాలికంగా పెట్టి ఉంచే చోటు అది. వోచరు దొరికి సంగతి తేలాక ఆ పద్దును అక్కణ్ణుంచి తీసి అసలు ఖాతాలో వేయాలి. అది ఎన్నాళ్లు అక్కడే పడి ఉంటే బ్రాంచి మేనేజరుకు అంత తలనొప్పి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి తప్పకుండా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "ఈ పాత పద్దులు ఇంకా ఎందుకు తేలలేదు?"

ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్నకు సంజాయిషీలు రాసుకుంటూ వస్తున్నవాణ్ణి కాబట్టి కాబోలు, రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుంటే ఆ సీరియల్ తీసినవాళ్లను నేనూ అదే అడగాలనుకుంటాను. మొదటివారం బావిలో ఎర్రచీర తేలుతుంది. రెండోవారం పూజగదిలో తడి పాదాల గుర్తులు. మూడోవారం తాతగారి నాటి గ్రూపు ఫోటోలో ఒక ముఖం గీకేసి ఉంటుంది. గుండె అరచేతిలో పెట్టుకుని చూస్తాం. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఎర్రచీర మాట ఎత్తేవాడు ఉండడు. ఫోటో ఏ అటకెక్కిందో తెలియదు. కథ మాత్రం కొత్త కోడలు సీమంతం దాకా వచ్చేసి ఉంటుంది!

మన థ్రిల్లర్లూ, హారర్ సీరియళ్లూ ఎందుకు ఉసూరుమనిపిస్తాయని అడిగితే చాలామంది డబ్బు చాలలేదనీ, గ్రాఫిక్స్ నాసిరకమనీ చెబుతారు. నా లెక్క వేరు. ప్రేక్షకుడి దగ్గర కుతూహలాన్ని అప్పుగా తీసుకుని, ఆ బాకీ తీర్చకుండా ఎగవేయడమే అసలు జబ్బు. బాకీ తీర్చిన కథ పాత డబ్బా కెమెరాతో తీసినా గుర్తుంటుంది. తీర్చని కథకు కోట్లు పోసినా మర్నాటికి గుర్తుండదు.

బేతాళుడు బాకీ పెట్టడు

ఈ విద్య మనవాళ్లకు తెలియనిదేమీ కాదు. మన మద్రాసు నుంచే, 1947 జూలైలో నాగిరెడ్డి-చక్రపాణి గార్లు ప్రారంభించిన 'చందమామ' దశాబ్దాల తరబడి నెలనెలా ఆ పాఠం చెప్పింది. మా తరంలో బేతాళ కథలు చదవని పిల్లలు ఎవరున్నారు? చెట్టు మీది శవం, భుజానికెత్తుకున్న రాజు, శ్మశానం - భయానికి కావలసిన దినుసులన్నీ ఉన్నాయి. కథ చివర బేతాళుడు ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. విక్రమార్కుడు ఆ పేజీలోనే జవాబు చెబుతాడు. మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

చూశారా ఇందులోని చమత్కారం! ఈ నెల ప్రశ్న ఈ నెలలోనే తీరిపోయింది. అయినా వచ్చే నెల సంచిక కోసం ఎదురుచూపు తప్పలేదు. సంస్కృతంలోని బేతాళ కథలు ఇరవై అయిదే. అవి అయిపోయాక కూడా 'చందమామ' అదే పద్ధతిలో కొత్త కథలు అల్లి ఏళ్ల తరబడి నడిపింది. బాకీ తీర్చేస్తే ప్రేక్షకుడు వెళ్లిపోతాడని భయపడే నేటి సీరియల్ నిర్మాతలు ఒక్కసారి ఆ పాత సంచికలు తిరగేస్తే బాగుంటుంది.

దాసరి సుబ్రహ్మణ్యంగారు రాసిన 'తోకచుక్క', 'మకరదేవత' వంటి ధారావాహికలదీ ఇదే మర్యాద. ప్రతి భాగమూ ఏదో ఒక గండం దగ్గర ఆగేది. వచ్చే నెల ఆ గండం గడిచి తీరేది. మాంత్రికుడు ఎందుకు వచ్చాడో, ఎక్కడికి పోయాడో చెప్పకుండా కథ ముగిసేది కాదు.

వడపళనిలో తయారైన భయం

'చందమామ' ఆఫీసు ఉన్న ఆ వడపళనిలోనే సినిమా స్టూడియోలూ ఉండేవి. 1954లో ఏవీయం సంస్థ, వీణ విద్వాంసుడు కూడా అయిన ఎస్. బాలచందర్ దర్శకత్వంలో 'అంద నాళ్' అనే తమిళ చిత్రం తీసింది. శివాజీ గణేశన్, పండరీబాయి నటించారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, మద్రాసు మీద జపాన్‌వాళ్లు బాంబు వేసిన రోజుల నేపథ్యం. ఒక రేడియో ఇంజనీరు హత్యకు గురవుతాడు. చంపింది ఎవరన్నది ఒక్కొక్కరి అనుమానం నుంచి, ఒక్కొక్కరి కథనం నుంచి చూపిస్తారు. పాటలు లేవు, నాట్యాలు లేవు. సినిమా అంటే పాటలే అనుకునే ఆ రోజుల్లో అదెంత సాహసమో ఊహించుకోండి. ఆఖరుకు హంతకుడెవరో తెలిశాక వెనక్కి తిరిగి ఆలోచిస్తే ప్రతి ఆధారమూ మన కళ్లముందే ఉందని తెలుస్తుంది.

1967లో అదే ఏవీయం, ఎ.సి. తిరులోకచందర్ దర్శకత్వంలో తమిళంలో 'అదే కణ్‌గళ్', తెలుగులో 'అవే కళ్ళు' తీసింది. తెలుగులో కృష్ణ, కాంచన. ఒక పెద్ద ఇంట్లో వరుస హత్యలు, హంతకుడి కళ్లు మాత్రమే తెలుసు. అంతకు ముందు ఏడాదే జగ్గయ్య, జయలలిత నటించిన 'ఆమె ఎవరు?' వచ్చింది. ఈ సినిమాల్లో ఇవాళ్టి కంటికి నవ్వు తెప్పించే ఘట్టాలు ఉండవచ్చు. కాని ఒక మర్యాద ఉంది. టిక్కెట్టు కొన్నవాడికి జవాబు చెప్పి ఇంటికి పంపేవారు.

తర్వాతి కాలంలో ఆ మర్యాద నిలబెట్టినవాటిలో వంశీగారి 'అన్వేషణ' (1985) ఒకటి. మన చెన్నైవాళ్లు సెలవులకు వెళ్లివచ్చే తలకోన అడవిలో తీశారు. పక్షుల కూతలు, చెట్ల మధ్య వెలుగునీడలు, ఇళయరాజా సంగీతం - వీటితోనే వెన్నులో చలి పుట్టించారు. హంతకుడెవరో ఇక్కడ చెప్పను. నలభై ఏళ్లయినా ఇంకా చూడనివాళ్లు మన ఇళ్లలో ఉన్నారు, వాళ్ల సరదా పాడుచేయడం ఎందుకు? రాంగోపాల్ వర్మగారి 'రాత్రి' (1992) మరో దారి పట్టింది. పాడుబడ్డ కోటలు లేకుండా, కొత్తగా మారిన ఇల్లు, ఒక పిల్లిపిల్ల, సినిమాహాలు వంటి మామూలు వస్తువులతో భయపెట్టింది. రేవతి ముఖంలోని మార్పే అందులో సగం గ్రాఫిక్స్.

చిన్నతెరకు మంచిరోజులు

దూరదర్శన్‌లో 'కరంచంద్' (1985), 'బ్యోంకేశ్ బక్షీ' (1993) చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మన ఇళ్లలో కూడా వాటికోసం పనులు ముందే ముగించుకునేవారు. సాధారణంగా ఒక వారానికి ఒక కేసు. వాయిదా పడితే వచ్చేవారం కచ్చితంగా తేలేది. ఎపిసోడు అయ్యాక "నేను చెప్పలేదూ!" అని ఎవరో ఒకరు అనకుండా ఉండేవారు కారు.

ప్రైవేటు చానళ్లు వచ్చాక సన్ టీవీలో 'మర్మదేశం' (1995 నుంచి) తమిళ ప్రేక్షకులతోపాటు మనల్నీ కట్టిపడేసింది. ఇందిరా సౌందర్‌రాజన్ రచన, నాగా దర్శకత్వం. అందులో 'విడాదు కరుప్పు' భాగం నాకు చాలా ఇష్టం. పల్లెటూళ్లో తప్పు చేసినవాళ్లను గ్రామదేవత కరుప్పుస్వామే గుర్రమెక్కి వచ్చి శిక్షిస్తున్నాడని జనం నమ్మిక. నిజంగా దేవుడా, మనిషా? ఆ ప్రశ్నను వారాల తరబడి నిలబెట్టి, నమ్మేవాడినీ నమ్మనివాడినీ కూడా చిన్నబుచ్చకుండా చివరికి జవాబు చెప్పారు. గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తే చాలు, పిల్లలు పెద్దల ఒళ్లోకి చేరేవారు. తెలుగులో ఈటీవీ 'అన్వేషిత' 1997లో మొదలైంది. అచ్యుత్, యమున ప్రధాన పాత్రలు. మా వీధి కేబుల్ ఆయన దయ తలచిన వారం కనిపించేది, లేని వారం విజయవాడ చుట్టాలకు ఎస్.టి.డి. చేసి కథ తెలుసుకునేవాళ్లం. అంత చేసేవాళ్లమంటే, కథ ఎటో ఒక గట్టుకు చేరుతుందన్న నమ్మకం ఉండబట్టే.

సాగతీత వెనక లెక్క

వారానికోసారి వచ్చే సీరియల్ రోజువారీ సీరియల్ అయ్యాక లెక్క మారింది. ఒక మర్మానికి పదమూడు వారాలో, ఇరవై ఆరు వారాలో చాలు. రోజూ ప్రసారం చేయాలంటే ఏడాదికి రెండు వందల యాభైకి పైగా భాగాలు కావాలి. అంతటి మర్మం వ్యాసులవారికీ కష్టమే! పైగా ప్రతి గురువారం వెలువడే రేటింగుల పట్టిక మీద చానలువారి కన్ను. అంకె బాగుంటే "ఇంకా లాగండి" అంటారు, పడిపోతే "మలుపు పెట్టండి" అంటారు. రెండు విధాలా ముడి విప్పడానికి వ్యవధి ఉండదు. ప్రకటన రావడానికి ముందు ఒక కేక, ప్రకటన అయ్యాక అది పిల్లి అని తేలడం. తలుపు కిర్రుమనడం, పాత్రధారులందరి ముఖాలూ మూడేసిసార్లు దగ్గరగా చూపడం. కథ లేనిచోట చప్పుడుతో పని కానిస్తారు. మా ఇంట్లో రిమోటు పట్టుకున్నవారి పని కథ చూడటం మానేసి శబ్దం తగ్గించడం, పెంచడం అయిపోయింది.

నిర్మాతల భయానికి ఆధారం లేదని అనను. అమెరికాలో 1990లో 'ట్విన్ పీక్స్' అనే సీరియల్ వచ్చింది. ఒక చిన్న ఊళ్లో చదువుకునే అమ్మాయిని చంపినవారెవరని దేశమంతా చెప్పుకున్నారు. ఆ ఏడాది చివర్లోనే హంతకుడు తెలిసిపోయాడు. చూసేవాళ్లు తగ్గారు, 1991 జూన్‌లో సీరియల్ ఆగిపోయింది. దీన్నిబట్టి "జవాబు చెబితే దుకాణం కట్టేయాలి" అనే పాఠం నేర్చుకున్నారు కొందరు. నాకు తోచే పాఠం వేరు. ఒకే పద్దు మీద బ్యాంకంతా నడపరాదు. పాతది తేల్చే వేళకు, దానికి దీటైన కొత్తది సిద్ధంగా ఉండాలి. బేతాళుడు చేసింది అదే.

ఎనిమిది భాగాల కొత్త వంట

ఓటీటీలు వచ్చాక ఈ బాధ తీరుతుందనుకున్నాం. రేటింగుల గురువారం లేదు, ఏడెనిమిది భాగాల్లో కథ ముగించవచ్చు. కొంత మేలు జరిగింది కూడా. కాని కొత్త జబ్బులూ వచ్చాయి.

విక్రమ్ కుమార్ తీసిన 'దూత' (2023) మొదటి భాగాలు చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఎడతెగని వాన, విశాఖపట్నం, ఎక్కడి నుంచో దొరికే పత్రిక ముక్కలు, వాటిలో రాసి ఉన్న కీడు అక్షరాలా జరగడం. నాగచైతన్య పాత్రికేయుడు. పత్రిక చదివే అలవాటున్న ప్రతివాడికీ ఒళ్లు జలదరించే ఊహ. అయితే చివరి భాగాలకు వచ్చేసరికి వెనకటి కాలపు కథంతా ఒక్క గుక్కలో అప్పజెప్పినట్టు అనిపించింది నాకు. రోజుకింత తీర్చాల్సిన అప్పును మార్చి 31 సాయంత్రం ఒక్కసారిగా సర్దినట్టు! అయినా తీర్చారు, అది వేరే మాట. 'అన్యాస్ ట్యుటోరియల్' (2022)లో ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పే అమ్మాయి వెనక ఏదో ఉన్నట్టు పిల్లలకు కనబడుతుంది. కంప్యూటరు ముందు కూర్చుని చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంటికీ తగిలే ఆలోచన. ముగిసేసరికి నా దగ్గర జవాబులకన్న ప్రశ్నలే ఎక్కువ మిగిలాయి. వెంకట్ ప్రభు తమిళంలో తీసిన 'లైవ్ టెలికాస్ట్' (2021) కథే రేటింగుల కోసం దెయ్యాల కార్యక్రమం తీసే టీవీ బృందం దెయ్యాల ఇంట్లో చిక్కుకోవడం. ఇంతకన్న మంచి వ్యంగ్యం ఏముంటుంది? కాని ఆ ఊహలో ఉన్న పదును ఏడు భాగాల దాకా నిలవలేదు.

ఇక్కడి అసలు రోగం 'రెండో సీజన్'. జవాబు రాబోతోంది అనగా తెర నల్లబడుతుంది. తరువాయి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో దేవుడికెరుక. డిపాజిట్ గడువు తీరిన రోజున డబ్బు అడిగితే, ఇంకో డిపాజిట్ తెరిస్తేనే ఇస్తామన్నట్టుంటుంది.

ఇలా కాకుండానూ తీయవచ్చునని పక్కనే రుజువులు ఉన్నాయి. పుష్కర్-గాయత్రి రచన 'సుళల్' (2022) తమిళంలో తీసినా తెలుగులోనూ చూడవచ్చు. ఒక చిన్న ఊరు, ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం, ఒక అమ్మాయి కనిపించకుండా పోవడం, మయాన కొల్లై జాతర. ఎనిమిది భాగాలు తిరిగేసరికి ముడి విప్పేశారు. విప్పాక తెలిసిన నిజం దెయ్యం కన్న భయంకరం, ఆడపిల్లలున్న ప్రతి కుటుంబమూ కూర్చుని మాట్లాడుకోవలసింది. 2025లో వచ్చిన రెండో భాగం కొత్త హత్యతో నడిచింది. మన నవీన్ చంద్ర నటించిన 'ఇన్‌స్పెక్టర్ రిషి' (2024)లో సాలెగూడు వంటి దానిలో చుట్టుకుపోయిన శవాలు అడవిలో దొరుకుతాయి. ఊరివాళ్లు వనదయ్యం అంటారు, పోలీసు ఒప్పుకోడు. పది భాగాలు కొంచెం ఎక్కువే అనిపించినా, లెక్క మాత్రం అప్పజెప్పారు.

నేరమంతా దెయ్యానిదేనా?

లెక్క తేల్చడం అంటే ఏదో ఒకటి చెప్పి చేతులు దులుపుకోవడం కాదు. రెండు దొంగదారులు బాగా వాడుకలోకి వచ్చాయి. ఒకటి, "అంతా ఆత్మ పనే" అనడం. రెండోది, "పాపం, ఆమెకు మతి చలించింది" అనడం.

దెయ్యాన్ని నమ్మమంటే రెండు గంటలపాటు నమ్మడానికి ప్రేక్షకుడు సిద్ధమే. 'అరుంధతి' (2009) చూసి ఎవరూ శాస్త్రీయత అడగలేదు. ఆత్మ ఉందని మొదట్లోనే చెప్పారు, అది దేనికి లొంగుతుందో చెప్పారు, చివరిదాకా ఆ నియమానికి కట్టుబడ్డారు. మానసిక వ్యాధి అన్నా ఒప్పుకుంటాం. మలయాళ 'మణిచిత్రతాళు' (1993) నుంచి పుట్టిన 'చంద్రముఖి' (2005)లో ఆ అమ్మాయి బాల్యం, ఆమె ఆసక్తి, ఆమె గది అన్నీ ముందునుంచీ పేర్చుకుంటూ వచ్చారు. ఆమెను శిక్షించలేదు, వైద్యం చేశారు. తర్వాత వచ్చిన అనుకరణల్లో చాలావాటికి ఆ ఓపిక లేదు. ఆఖరి పావుగంటలో ఒక డాక్టరు వచ్చి నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఒకటి చెప్పి వెళతాడు. నిజంగా మానసిక వ్యాధితో బాధపడే మనిషి ఉన్న ఇల్లు ఆ సన్నివేశాన్ని ఎలా చూస్తుందో ఒక్కరూ ఆలోచించరు.

యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు ఆంధ్రదేశంలో ఎంత కలకలమో పెద్దవాళ్లకు తెలుసు. మంత్రమా, మనస్తత్వశాస్త్రమా అనే రెండు దారులనూ పక్కపక్కనే నడిపించిన నవల. దాన్ని విమర్శిస్తూ రంగనాయకమ్మగారు ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఎవరి పక్షం సరైనదన్నది అలా ఉంచండి. ఒక భయంకర కథను అంత గట్టిగా పట్టించుకుని వాదించుకునే పాఠకలోకం ఉండేది. ఆ వాదనకు కారణమూ చిన్నది కాదు. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు పత్రికల్లో ఇవాళ్టికీ వస్తూనే ఉన్నాయి. ఇలాంటి దురాచారాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేయవలసి వచ్చింది. అలాంటిచోట, నిమ్మకాయలూ బొమ్మలూ చూపించి పక్కింటి ముసలమ్మ మీదకు అనుమానం మళ్లించి, ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయే సీరియల్ వినోదం మాత్రమే అనుకోలేం. తేలని ఆ పద్దు ఎవరో ఒక అమాయకురాలి పేర పడుతుంది.

మన ఇళ్లకు సంబంధించిన సంగతి

"ఇంతోటి సీరియళ్ల మీద ఇంత చర్చ ఎందుకండీ, నచ్చకపోతే కట్టేస్తే పోలేదూ?" అని మా ఆవిడే అంటుంది. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉంటే నేనూ అదే అందును. మన పరిస్థితి వేరు. ఇక్కడ పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఫోనులో ఇంకేదో. తెలుగు చదవడం చాలామందికి రాదు, వినడం ఒక్కటే మిగిలింది. అవ్వ, అమ్మ, మనవరాలు ఒకచోట కూర్చుని తెలుగు వినే గంట రోజుకొకటి ఉంటే గొప్ప.

ఆ గంటకు థ్రిల్లర్ కన్న పనికొచ్చేది లేదని నా అనుభవం. ఏడుపు సీరియల్ చూస్తూ ఎవరూ మాట్లాడరు. హత్య జరిగితే అందరూ మాట్లాడతారు! "ఆ వంటమనిషి మీద నాకు అనుమానం" అని మా అత్తగారు అంటే, "కాదమ్మమ్మా, తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది కదా" అని మా అమ్మాయి. 'గడియ', 'అటక', 'సాక్ష్యం', 'ఆచూకీ' వంటి మాటలు దాని నోట పలికింది అలాంటి రాత్రుల్లోనే. ఆధారం పట్టుకోవడం, కారణం అడగడం, తొందరపడి ఒకరి మీద నింద వేయకపోవడం - ఇవన్నీ తెలుగులో జరుగుతాయి.

అందుకే కథ మోసం చేసినప్పుడు పోయేది ఒక సాయంత్రం మాత్రమే కాదు. రెండు మూడుసార్లు మోసపోయాక పిల్లలు లేచి వెళ్లి తలుపేసుకుని కొరియావాళ్ల సీరియల్ ఇంగ్లీషు అక్షరాలతో చూసుకుంటారు. వాళ్లను ఏమనగలం? అక్కడ జవాబు దొరుకుతోంది మరి.

కాబట్టి పాఠకులకు నాదొక సూచన. మా ఇంట్లో కొన్నాళ్లుగా అమలులో ఉన్నదే. ఏదైనా థ్రిల్లర్ మొదలుపెడితే పాత క్యాలెండరు కాగితం వెనక, తేలవలసిన ప్రశ్నలను పిల్లల చేత ఒక్కొక్కటే తెలుగులో రాయిస్తాం. రాయడం రానివాళ్లు చెబితే పెద్దవాళ్లు రాస్తారు. జవాబు దొరికినదాన్ని కొట్టేస్తాం. మూడు భాగాలు గడిచినా ఒక్క గీతా పడకపోతే ఆ సీరియల్‌కు మా ఇంట్లో ఖాతా మూసేస్తాం. ఈమధ్య ఒక రోజువారీ సీరియల్‌కు - పేరెందుకు లెండి - కాగితం నిండిపోయి రెండో పక్క తిప్పవలసి వచ్చింది. ఒక్క గీత లేదు. మా అమ్మాయే రిమోటు అందుకుని ఆపేసింది.

మన సంఘం పెద్దలకూ ఒక మనవి. వచ్చే వేసవి సెలవుల్లో ఒక ఆదివారం 'అవే కళ్ళు'నో, 'అన్వేషణ'నో పిల్లలకు వేసి చూపిద్దాం. చివరి అరగంటకు ముందు ఆపేసి, హంతకుడెవరో ఎందుకనుకుంటున్నారో ఒక్కొక్కరి చేత తెలుగులో చెప్పిద్దాం. ఆ తర్వాతే మిగతా సినిమా. జవాబు ఎవరు సరిగ్గా చెబితే వారికి బేతాళ కథల పుస్తకం ఒకటి నా తరఫున బహుమతి.